మందిరంలో మాట వినబడుతోందా?

రెండేళ్ల క్రితం క్రిస్మస్ కానుకల డబ్బుతో మా సంఘం రెండు పెద్ద సౌండ్ బాక్సులు కొన్నది. మా ఊరు బేతంచెర్లకు దగ్గరలోనే. సంఘంలో సగం ఇళ్లవారు బండల గనుల్లోను, పాలిష్ ఫ్యాక్టరీల్లోను పనిచేసి బ్రతుకుతున్నవారే. అట్టి కష్టార్జితంలోనుండి వచ్చిన కానుక అది. ఒక్కొక్క బాక్సు నడుమెత్తు ఉంది, లోపల 15 అంగుళాల స్పీకరు. బలిపీఠానికి ఇరుప్రక్కల వాటిని నిలబెట్టి మొదటి ఆదివారం మీట తిప్పినప్పుడు కిటికీ రెక్కలు అదిరాయి. మేమంతా ఒకరినొకరు చూసుకొని సంతోషించాము.

ఆరాధన ముగిశాక వెనుక వరుసలో గోడకు ఆనుకొని కూర్చునే ఒక అవ్వను పలకరించాము. ఆమె చదువు రానిది. వాక్యం చెవిన పడితేనే ఆమెకు వాక్యం. "అవ్వా, ఇప్పుడు బాగా వినపడుతోందా?" అని అడిగాము. ఆమె కొంచెం మొహమాటపడి, "సప్పుడు శానా ఇనపడ్తాంది నాయనా. అయ్యగారు ఏం చెప్తాండారో అదే తెలీడం ల్యా. పాత డబ్బాలే మేలు" అన్నది.

ఆ మాట మా కమిటీవారిని బాగా కలవరపరచింది. అంత డబ్బు పోసి, చదువురాని వారి చెవిలోనుండి వాక్యాన్ని మేమే తీసివేశామా? ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ మేము నేర్చుకున్న సంగతులే ఈ వ్యాసం. మందిరానికి మైకుసెట్టు కొనబోయే ప్రతి సంఘానికి ఇవి పనికి వస్తాయని నమ్ముతున్నాము.

స్పీకరు లోపల ఏమున్నది?

నంద్యాలలో స్పీకర్లు బాగుచేసే ఒక తమ్ముడు మాకు పరిచయం. కాలిపోయిన పాత స్పీకరు ఒకటి విప్పి బల్లమీద పరచి చూపించాడు. వెనుక గుండ్రని అయస్కాంతం. దాని నడుమ సన్నని వలయాకారపు సందు. ఆ సందులో సన్నని రాగి తీగ చుట్టిన చిన్న గొట్టం, దానిని వాయిస్ కాయిల్ అంటారు. ఆ గొట్టానికి అంటించిన కాగితపు కోను. కోను ప్రక్కలకు ఒరిగిపోకుండా పట్టుకొనే ముడతల గుడ్డ, దాని పేరు స్పైడర్. ఇంతే. ఆంప్లిఫయర్ నుండి వచ్చే విద్యుత్తు తీగలో అటూ ఇటూ పారుతుంటే అయస్కాంతం ఆ తీగను ముందుకూ వెనుకకూ నెట్టుతుంది. దానితో కోను కదిలి గాలిని కదుపుతుంది. కదిలిన ఆ గాలే మన చెవికి చేరే శబ్దం.

వినడానికి సులభమే గాని చేయడానికి చాలా ఓర్పు కావాలి. తీగకూ ఇనుముకూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వంతులు మాత్రమే. కోను వెంట్రుకవాసి వంకరగా అంటించినా తీగ రాసుకొని గరగరమంటుంది. ఆ తమ్ముడు కొత్త కోను అంటించేటప్పుడు గొట్టం లోపల సన్నని ప్లాస్టిక్ ముక్కలు చుట్టూ దూర్చి, జిగురు ఆరిన తరువాతనే వాటిని మెల్లగా లాగివేస్తాడు. అప్పుడు కోనును వేళ్లతో సమంగా నొక్కి, చెవి దగ్గర పెట్టుకొని వింటాడు. ఏ చప్పుడూ లేకపోతే పని కుదిరినట్లు. లక్షలు పలికే విదేశీ స్పీకర్లలోనూ సూత్రం ఇదేనని, అక్కడ ఈ జాగ్రత్తనే ఇంకా నిష్ఠగా పాటిస్తారని అతడు చెప్పాడు.

ఈ కదిలే తీగ ఆలోచనకు ఇంగ్లండు శాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్ 1898లో పేటెంటు పొందాడు. అమెరికాలో పీటర్ జెన్సన్, ఎడ్విన్ ప్రిధామ్ అను ఇద్దరు దానికి బాకా తగిలించి, 1915లో క్రిస్మస్ ముందు రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కో నగర భవనం ఎదుట గొప్ప జనసమూహానికి పాటలు, ప్రసంగం వినిపించారు. అంటే లౌడ్‌స్పీకరు మొదటిసారి పెద్ద ఎత్తున మ్రోగిన సందర్భాలలో క్రిస్మస్ కూడిక ఒకటి! నేడు మనం వాడే కోను స్పీకరుకు రూపమిచ్చినవారు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్. వారు 1925లో దానిని లోకానికి వివరించారు.

పెట్టె ఎందుకు?

కోను ముందుకు కదిలినప్పుడు ఎదుట గాలి నొక్కుకుంటుంది, వెనుక గాలి పలుచబడుతుంది. పెట్టె లేకపోతే ముందరి గాలి చుట్టూ తిరిగి వెనుకకు పోయి, లావు స్వరాలను రద్దుచేస్తుంది. అందుకే విడి స్పీకరు పీలగా పలుకుతుంది. పెట్టెలో బిగించగానే వెనుకటి శబ్దం బందీ అవుతుంది. 1954లో ఎడ్గార్ విల్చర్ అను అమెరికన్ ఉపాధ్యాయుడు పెట్టెను గాలి చొరకుండా మూసివేసి, లోపలి గాలినే కోనుకు స్ప్రింగుగా వాడుకున్నాడు. అంతవరకు బీరువా అంత పెట్టె చేసే పని, పుస్తకాల అరలో పట్టే పెట్టె చేసింది.

అయితే పెట్టె తాను పాడకూడదు. ఇక్కడ మా బండల పనివారికి తెలిసిన సంగతి ఒకటి ఉంది. బండను వ్రేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టి బండ, డబ్బుమంటే లోపల బీట ఉన్నట్లు. బేలం గుహల్లో సప్తస్వరాల గుహ అని పేరుపడిన చోట రాతి కమ్ములు తట్టితే లోహంలాగా మ్రోగుతాయి. స్పీకరు పెట్టె విషయంలో కోరేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. తట్టితే డబ్బుమని ఆగిపోవాలి. ఖంగుమంటే ఆ ఖంగు ప్రసంగీకుని ప్రతి మాటకూ అంటుకుంటుంది. దీనికోసం కొందరు మందపాటి చెక్కకు లోపల అడ్డకర్రలు వేస్తారు. జర్మనీలో పలకరాతితోనే పెట్టెలు చేసేవారు ఉన్నారు. ఇంగ్లండులో బి.బి.సి. రేడియోవారు వేరే మార్గం పట్టారు. పలుచని ప్లైవుడ్‌కు లోపలివైపు కంపనాన్ని చంపే బరువైన పూత వేశారు. 1970లలో ఆ పద్ధతిలో వారు రూపొందించిన అడుగెత్తు చిన్న స్పీకరు, ఎల్.ఎస్. 3/5ఎ, నేటికీ పేరుగలదిగా నిలిచి ఉంది.

వారి పరీక్ష మమ్మును ఆశ్చర్యపరచింది. డప్పులు, గిటార్లు పెట్టి మాత్రమే వారు పరీక్షించలేదు. మనిషి మాట వినిపించి చూసేవారు. తమకు బాగా తెలిసిన మనిషి గొంతు స్పీకరులోనుండి వచ్చినప్పుడు, ఆ మనిషి ఎదుట నిలబడి మాట్లాడినట్లు ఉన్నదా అని. చిన్నప్పటి నుండి వింటున్న మనిషి గొంతులో తేడా వస్తే చెవి వెంటనే పట్టేస్తుంది గదా! మంచి స్పీకరుకు ఇంతకంటె కఠినమైన పరీక్ష లేదు.

మాట ఎప్పుడు ఆట అవుతుంది?

ఇప్పుడు మా అవ్వ ప్రశ్నకు వద్దాము. మనం పలికే మాటలో బలమంతా అచ్చులలో ఉంటుంది. ఆ, ఈ, ఓ అనే ధ్వనులు గట్టిగా, లావుగా ఉంటాయి. అర్థాన్ని విడదీసి చెప్పేవి మాత్రం క, త, ప, స వంటి హల్లులు. అవి సన్నవి, క్షణకాలపువి. "మాట", "పాట", "బాట", "కోట" అనే పదాలు వినండి. మొదటి హల్లు పోతే మాట, పాట, బాట మూడూ "ఆట" అవుతాయి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఆ అచ్చు మందిరంలో మ్రోగుతూ నిలిచిపోతే, వెనుకనే వచ్చే హల్లు దాని క్రింద పడి మునిగిపోతుంది.

మా పెద్ద బాక్సులు చేసింది అదే. 15 అంగుళాల స్పీకర్లు లావు స్వరాలను పెంచాయి. ఎంత పెంచితే అంత మ్రోత. ఇందుకు తోడు మా సంఘానికి ఇంకొక కష్టం ఉంది. 85 డెసిబెల్స్ దాటిన మ్రోతలో రోజుకు 8 గంటల చొప్పున ఏళ్ల తరబడి పనిచేసిన చెవి మొదట కోల్పోయేది సన్నని స్వరాలను, ముఖ్యంగా సెకనుకు 4,000 కంపనాల చుట్టుప్రక్కల ఉండే స్వరాలను. హల్లులు తెలిసేది అక్కడే. కోతయంత్రాల దగ్గర పనిచేసే మా సహోదరులు "వినపడుతుంది గాని అర్థం కాదు" అంటుంటే, ఇన్నాళ్లు వారికి శ్రద్ధ లేదని అనుకున్నాము. అది మా తప్పు. వారి చెవులు దెబ్బతిన్నవి. ఒకసారి పోయిన ఆ వినికిడి మందులతో తిరిగి రాదు. పనిచోట చెవులకు రక్షణ బిరడాలు పెట్టుకొనడం ఒక్కటే దారి. ఈ మాట చదివిన తల్లులు, భార్యలు తమ ఇంటివారికి తప్పక చెప్పవలెను.

కుషన్లు మోసిన పండితుడు

"అన్నా, తప్పు బాక్సులది కాదు, మీ గుడిది" అన్నాడు నంద్యాల తమ్ముడు. మా మందిరం క్రింద నున్నని బేతంచెర్ల బండలు, గోడలకు నడుమెత్తు వరకు అవే బండలు, పైన సిమెంటు కప్పు. చూపులకు అద్దంలాగా ఉంటుంది. చూపును తిప్పికొట్టే నున్నని రాయి శబ్దాన్నీ తిప్పికొడుతుంది.

ఇట్టి చిక్కే 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వచ్చింది. కొత్తగా కట్టిన ఫాగ్ ఉపన్యాస శాలలో ఎవరు మాట్లాడినా ఒక్క ముక్క అర్థం కాలేదు. వాలెస్ సాబైన్ అను యువ ఉపాధ్యాయుని దానిని సరిచేయమన్నారు. అతడు ప్రక్కనున్న నాటకశాల నుండి కుర్చీల కుషన్లు రాత్రివేళ తెప్పించి, వరుసలుగా పరచి, ఆర్గన్ గొట్టం ఒకటి ఊది, శబ్దం ఎంతసేపటికి ఆగిపోతుందో గడియారంతో కొలిచాడు. ఖాళీ గదిలో అది సుమారు 5½ సెకన్లు నిలిచేది. కుషన్లు పెరిగేకొలది తగ్గింది. ఎన్నో రాత్రుల శ్రమ తరువాత ఒక సులభమైన లెక్క కనుగొన్నాడు. గది ఘనపరిమాణాన్ని అడుగులలో లెక్కించి 0.049తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చుకొనేవాటి మొత్తంతో భాగిస్తే మ్రోత ఎన్ని సెకన్లు నిలుస్తుందో తెలుస్తుంది. పీల్చుకొనే శక్తికి అతడు పెట్టిన కొలత తెరిచిన కిటికీ. ఒక చదరపు అడుగు తెరిచిన కిటికీ గుండా పోయిన శబ్దం తిరిగి రాదు గదా!

మేమును మా మందిరం లెక్క వేశాము. 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 15 అడుగుల ఎత్తు. అంటే 27,000 ఘనపుటడుగులు. నేల, గోడలు, కప్పు కలిపి 6,300 చదరపు అడుగులు ఉన్నా, రాయి, సిమెంటు నూటికి 3 వంతులే పీల్చుకుంటాయి. అది సుమారు 190. తెరిచిన కిటికీలు, తలుపులు మరి 155. మొత్తం 345. లెక్క కడితే మ్రోత దాదాపు 4 సెకన్లు! మాట స్పష్టంగా ఉండాలంటే ఒక సెకను ప్రాంతంలో ఉండాలి.

ఇక చిత్రం చూడండి. ఒక మనిషి, కట్టుకున్న బట్టలతో సహా, 4 నుండి 5 చదరపు అడుగుల తెరిచిన కిటికీతో సమానం. 150 మంది వచ్చి కూర్చుంటే 345 కాస్తా 1,000 దాటుతుంది. మ్రోత 1⅓ సెకన్లకు దిగుతుంది. 60 మందే వస్తే 2 సెకన్లు దాటి నిలుస్తుంది. శనివారం సాయంత్రం ఖాళీ మందిరంలో మైకు సరిచూసి, ఆదివారం అదే మీటలు ఉంచడం ఎంత పొరపాటో మాకప్పుడు తెలిసింది. పండుగనాడు మాట బాగా వినబడి, మామూలు ఆదివారం వినబడకపోవడానికి కారణం కూడా తెలిసింది. మందిరానికి అన్నిటికంటె మంచి కుషన్లు సంఘస్థులే!

మేము చేసిన పనులు

మొదట, స్పీకర్లకు ఎదురుగా ఉన్న వెనుక గోడకు దళసరి నూలు తెరలు కట్టాము. గోడకు అంటించక జానెడు ఎడం ఉంచి, కుచ్చులు పడునట్లు వ్రేలాడదీశాము. సహోదరీలు పాత దుప్పట్లు కలిపి కుట్టి ఇచ్చారు. నేలమీద జంపఖానాలు పరచాము. తెరలు సన్నని స్వరాల మ్రోతనే బాగా పీల్చుతాయి, లావు స్వరాలను అంతగా పీల్చలేవు. కాబట్టి ప్రసంగ సమయమందు ఆంప్లిఫయర్ మీది బేస్ మీటను బాగా తగ్గించాము. గంభీరత కొంత తగ్గింది, హల్లులు పైకి తేలాయి.

రెండవది, పెద్ద బాక్సులు తీసి, కాలమ్ స్పీకర్లు నాలుగు పెట్టాము. కాలమ్ అంటే చిన్న స్పీకర్లు ఒకదానిమీద ఒకటి నిలువు వరుసలో ఉండే సన్నని పెట్టె. దానినుండి శబ్దం విసనకర్రలాగా ప్రక్కలకు విచ్చుకుంటుంది గాని పైకప్పుకు అంతగా పోదు. జనం తలలకు కొంచెం ఎత్తులో బిగించి, ముఖం కొద్దిగా క్రిందికి వంచాము. రెండు ముందర, రెండు మధ్యలో. ఒక్కటే పెద్దగా అరచేకంటె, నాలుగు దగ్గరగా నిలిచి నెమ్మదిగా చెప్పడం మేలు. ఆరుబయట దూరం రెట్టింపయినప్పుడెల్లా శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. గదిలో దూరం పోయేకొలది తిన్నని మాట తగ్గి మ్రోతే మిగులుతుంది. నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో ఎజ్రా చెక్క పీఠమెక్కి ధర్మశాస్త్రం చదువుతుంటే, లేవీయులు ప్రజల మధ్య నిలిచి అర్థం తెలియజెప్పిన సంగతి మా అయ్యగారు గుర్తుచేశారు. మా నాలుగు కాలమ్ స్పీకర్లకు ఆనాటి నుండి "లేవీయులు" అని పేరు పడింది.

మూడవది మైకు. జానెడు దూరంలోనుండి నాలుగు వ్రేళ్ల దూరానికి దగ్గర చేసుకుంటే, మీట తిప్పకుండానే మాట రెట్టింపు బలంతో మైకులో పడుతుంది. స్పీకరు శబ్దం మళ్లీ మైకులో దూరి కూత పెట్టే బాధ కూడా తగ్గుతుంది. వాట్ల గురించి ఒక మాట. చెవికి రెండింతలు గట్టిగా వినబడాలంటే పదింతల వాట్లు కావాలి. కనుక 50 వాట్లది తీసి 100 వాట్లది కొన్నందువల్ల వచ్చే తేడా చాలా స్వల్పం. అమ్మేవారు ఇది చెప్పరు, మనమే తెలుసుకోవాలి.

పైకప్పు మీది బాకా

నాలుగవ పని చెప్పడానికి మాకు కొంత సిగ్గుగా ఉంది. మందిరం కప్పుమీద ఒక హారన్ ఉండేది. వేకువ 5 గంటలకే పాటలు పెట్టేవారము. బాకా చాలా తక్కువ విద్యుత్తుతో చాలా దూరం వినిపిస్తుంది. కోను స్పీకరు తీసుకున్న విద్యుత్తులో నూటికి ఒక వంతు మాత్రమే శబ్దంగా మారితే, బాకా అంతకు ఎన్నో రెట్లు మార్చగలదు. ఎదురింటి పరీక్షల పిల్లలు, రాత్రి పని చేసి వచ్చి పడుకున్న ఫ్యాక్టరీ కూలీలు ఏమనుకుంటారో మేము ఆలోచించలేదు. ఒకసారి ఎదురింటి వారు వచ్చి మెల్లగా అడిగితే, మతవిరోధమని కూడా అనుకున్నాము. దేవుడు మమ్మును క్షమించును గాక.

2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడరాదు. మిగిలిన సమయంలో కూడా వ్రాతపూర్వకమైన అనుమతి కావాలి. నివాస ప్రాంతాలకు హద్దు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. మద్రాసులోని ఒక సంఘం విషయమై అదే సంవత్సరం ఆగస్టు 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇతరుల శాంతిని చెరిపి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని, ఆరాధన స్వేచ్ఛలో మైకు మ్రోగించే హక్కు లేదని దాని సారాంశం. చట్టం ఉన్నా లేకున్నా, పొరుగువాని నిద్ర పాడుచేసిన పాట సువార్త కాలేదు. మేము హారన్ దింపివేశాము. దింపిన రోజున ఎదురింటి వారికి మేమే వెళ్లి చెప్పి వచ్చాము.

మైకులు లేని కాలంలో సేవకులు ఎలా బోధించారు? 1739లో ఫిలడెల్ఫియా వీధిలో జార్జ్ విట్‌ఫీల్డ్ బోధిస్తుండగా, బెంజమిన్ ఫ్రాంక్లిన్ మాట వినబడేంతవరకు వెనుకకు నడిచి, ఆ దూరాన్నిబట్టి లెక్క కట్టి, ఆ స్వరం 30,000 మందికి పైగా వినబడగలదని తేల్చాడు. విట్‌ఫీల్డ్ స్పష్టంగా పలికేవాడని కూడా ఫ్రాంక్లిన్ వ్రాశాడు. స్పష్టంగా, ఆగి ఆగి పలికే అలవాటుకు ఖర్చు లేదు. మా అయ్యగారు ఇప్పుడు వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక్క క్షణం ఆగుతున్నారు. మ్రోత సద్దుమణిగాక తదుపరి మాట.

ఆ పెద్ద బాక్సులు ఏమయ్యాయంటారా? మైదానంలో జరిగే యౌవనుల కూడికలకు వాడుతున్నాము. గోడలూ కప్పూ లేనిచోట అవి చక్కగా పలుకుతున్నాయి. వాటిని నిందించవలసిన పని లేదు. ముందుగా వెనుక వరుసలో కూర్చొని వినకుండా, డబ్బు పట్టుకొని అంగడికి పరుగెత్తింది మేమే.

తెరలు కట్టిన తరువాతి ఆదివారం మేము మళ్లీ అవ్వ దగ్గరకు పోయాము. ఈసారి వినపడుతోందా అని అడగలేదు. "ఈ పొద్దు అయ్యగారు ఏం చెప్పినారవ్వా?" అన్నాము. ఆమె చేటలో పోగొట్టుకున్న నాణెం వెదికినట్లు చేయి త్రిప్పుతూ, దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, నాణెం వెదికిన స్త్రీ కథ మొదటి నుండి చివర వరకు చెప్పింది. చివర, "అది దొరికినాక ఆయమ్మ ఇరుగుపొరుగును పిల్చింది నాయనా, సప్పుడు చేసి లేపలా" అని నవ్వింది.

మీ మందిరంలో వచ్చే ఆదివారం ఒక్కసారి వెనుక వరుసలో కూర్చొని చూడండి. చదువు రాని ఒకరిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఆరాధన ముగిశాక ఏమి విన్నారో చెప్పమని అడగండి. ఆ జవాబు విన్న తరువాతనే కొత్త మైకుసెట్టు సంగతి ఆలోచించండి.